ఎవరింటి బిడ్డవి

ఆ ఎండాకాలం మా శ్వేతకి వాళ్లమ్మ ఒక ఊరు కొనిపెట్టింది. ఊరంటే మన్నూ నీళ్లూ ఉన్న ఊరు కాదు, కంప్యూటర్‌లో కనిపించే ఊరు. చిగురూరు అని పేరు. దాంట్లో కాపురం ఉండేదంతా పిల్లలే. ఒక్కో పిల్లకి ఒక్కో ఇల్లు, ఇంటి ముందు కాస్త నేల. లెక్క చేస్తే విత్తనాలు ఇస్తారు, కథ చదివితే ఇటుకలు ఇస్తారు. బడి ఉంది, సంత ఉంది, భాషకో వీధి ఉంది. మా శ్వేత తెలుగు వీధిలో ఇల్లు కట్టుకుంది. దాని బళ్లో కన్నడం, హిందీ, ఇంగ్లీషు చెబుతారు గానీ తెలుగు లేదు. ఇంట్లో మాట్లాడతాం కాబట్టి మాటలు వచ్చు, అక్షరాలు రావు. ఆ అక్షరాలేవో అక్కడ పట్టుబడతాయని లావణ్య ఆశ.

లావణ్య నా కోడలు. రింగు రోడ్డు మీద ఒక కంపెనీలో పని చేస్తుంది. నా కొడుకు శ్రీకాంత్‌కి బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ, షిఫ్టుల ఉద్యోగం. ఇల్లు మహదేవపురలో. సెలవుల్లో పిల్లని చూసుకోవడానికి మనిషి లేక, కబ్బన్‌పేటలో మా ఇంటికి తాళం వేసుకుని నేనే వాళ్ల దగ్గరికి వచ్చాను. వచ్చిన మర్నాడే లావణ్య ల్యాప్‌టాప్ తెచ్చి నా ఎదురుగా పెట్టింది.

"అత్తా, ఇట్ల నేరుగా చూడండి. మీ ఫేసు పెట్టల్ల దీంట్లో."

"నా మొహం ఎందుకమ్మా?"

"పెద్దోళ్లు ఎవురో ఒకరు గార్డియన్‌గా ఉండల్ల. మీరు సరే అంటేనే శ్వేత కొత్త పిల్లోళ్లతో మాట్లాడేది. మేమిద్దరం పగలంతా ఇంట్లో ఉండము కదా."

"నేను చదివింది మూడో క్లాసు. నాకేం తెలుస్తాది?"

"చదువుతో పని లేదత్తా. తేడాగా మాట్లాడే మనిషిని పట్టుకునేదానికి మనిషి కావల్ల. మీకంటే ఎక్కువ మందిని మన ఇంట్లో ఎవురు చూసినారు?"

ఆ మాట నాకు బాగా నచ్చింది. శ్రీకాంత్ షూ లేసులు కట్టుకుంటూ నవ్వాడు.

"అమ్మని కాపలా పెడతాండావా? బాగుండాది. సెలవులు అయిపోయేలోపల ఆ ఊళ్లో పిల్లోళ్లందరికీ పెళ్లి సంబంధాలు కుదిర్చి పెడతాది చూడు."

లావణ్య నవ్వలేదు. ఆమె భయం ఆమెది. ఆఫీసులో ఆమె స్నేహితురాలి కూతురికి ఇలాంటి ఆటలోనే ఎవరో పరిచయమయ్యాడట. తానూ చిన్నపిల్లనేనని చెప్పి, మెల్లగా ఇల్లు ఎక్కడ, బడి ఎక్కడ అని లాగి, ఒకరోజు బడి గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడట. గడ్డం ఉన్న మనిషి. అదృష్టం బాగుండి టీచరు చూసింది. అది విన్నప్పటి నుంచి లావణ్యకి కంటి మీద కునుకు లేదు. ఎన్నో ఊళ్లు వెతికి, కాపలా మనుషులు ఉన్నారని, పిల్లలు అసలు పేర్లు చెప్పుకోవడం ఉండదని చదివి, ఈ చిగురూరిని ఎంచుకుంది. అక్కడ మా శ్వేత పేరు పసుపు పిట్ట.

ఇక్కడ నేను మా పేట సంగతి ఒకటి చెప్పాలి.

మాది నేతగాళ్ల కులం. కబ్బన్‌పేట సందుల్లో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి. ఏ గడప చూసినా ఒకేలా ఉండేది, ఏ ఇంట్లో విన్నా మగ్గం చప్పుడే. చిన్నపిల్ల సందు తప్పితే ఇల్లు కనుక్కోలేదు. అందుకని మాటలు రాగానే పిల్లలకి ఒక వరస నేర్పేవాళ్లం. పెద్దవాళ్లు ఎవరైనా "ఎవరింటి బిడ్డవి?" అని అడిగితే చేతులు కట్టుకుని, ఇంటి పేరు, ముత్తాత పేరు, తాత పేరు, నాయన పేరు, ఏ సందు, ఎన్నో ఇల్లు అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. చెప్పిన పిల్లని వీధంతా మెచ్చుకునేది. చెప్పలేని పిల్ల ఉంటే తల్లిని అనేవాళ్లు. మా శ్రీకాంత్ నాలుగేళ్లప్పుడు కరగ ఉత్సవం జనంలో నా చేయి వదిలేశాడు. నేను గుండెలు బాదుకుంటూ తిరుగుతుంటే, వాడు అడిగినవాళ్లకల్లా వరస చెప్పుకుంటూ చేతులు మారి మారి నాకంటే ముందే ఇల్లు చేరి, అరుగు మీద కూర్చుని బొరుగులు తింటున్నాడు. అలాంటి వరస అది.

శ్వేతకి అది రాదని నాకు చాలా రోజులుగా కొరతగా ఉండేది. పైగా అది నోరు విప్పని పిల్ల. ఎవరైనా పలకరిస్తే వాళ్లమ్మ చున్నీ వెనక దాక్కునేది. ఆ వేసవిలో కూర్చోబెట్టి నేర్పాను. కబ్బన్‌పేట పడుగులోళ్ల ఇంటి బిడ్డని, మా ముత్తాత అంజినప్ప, మా తాత వెంకటేశప్ప, మా నాయన శ్రీకాంత్, అని మొదలుపెట్టి, ఇప్పుడు ఉండేది మహదేవపురలో అని, అపార్ట్‌మెంటు పేరు, అంతస్తు, ఇంటి నంబరు దాకా. ఈ కాలానికి తగినట్టు మార్చి మరీ నేర్పాను. పిల్ల ఇట్టే పట్టేసింది. లిఫ్టులో ముసలాయన ఎవరో అడిగితే గడగడా చెప్పింది. ఆయన నవ్వి తల నిమిరాడు. ఆ రోజు నుంచి దానికి ధైర్యం వచ్చింది. కూరగాయలమ్మేవాళ్లకీ, గేటు దగ్గర సెక్యూరిటీకీ, ఇస్త్రీ బండి దగ్గరా, ఎవరు అడిగితే వాళ్లకి చెప్పేది. నా మనవరాలు నా ముందు నిలబడి అట్లా చెబుతుంటే నా కడుపు నిండిపోయేది.

మధ్యాహ్నం భోజనాల ముందు ఇద్దరం చిగురూరికి వెళ్లేవాళ్లం. వెళ్లడమంటే సోఫాలో పక్కపక్కన కూర్చోవడమే. అది లెక్కలు చేసి వంగ విత్తనాలు తెచ్చుకుని నాటింది. రోజూ నీళ్లు పోయాలి, పోయకపోతే వాడిపోతాయి. మా అపార్ట్‌మెంటులో ఆ వేసవి బోర్లు ఎండిపోయి ట్యాంకరు వస్తే గానీ కుళాయిలో చుక్క రాలేదు. నేను బకెట్లలో నీళ్లు పట్టి దాచుకుంటుంటే, అది అక్కడ మడులకి మడులు పారించేది. చూడ్డానికి నాకే కళ్లు చల్లబడేవి.

పక్కింటి పిల్ల పేరు నీలి గొడుగు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు, బొమ్మకి నెత్తిన నీలం గొడుగు ఉంటుంది, అంతే. అక్కడ పిల్లలు ఇష్టమొచ్చింది రాసుకోవడానికి లేదు. "నీ తోట బాగుంది", "రేపు వస్తావా", "ఈ పదం నాకు రాదు, నేర్పు" అని ముందే రాసిపెట్టిన మాటలు ఉంటాయి, వాటిలోంచి ఏరుకోవాలి. ఆ కాసిన్ని మాటలతోనే వాళ్లిద్దరూ ఎంత స్నేహం చేశారో చెప్పలేను. శ్వేత రాని రోజు నీలి గొడుగు వచ్చి దీని వంగకి నీళ్లు పోసేది. దానికి ఒత్తులు రావంటే ఇది కూర్చుని నేర్పేది. బళ్లో ఒక్క స్నేహితురాలూ లేని పిల్ల, ఇక్కడ పొద్దున లేస్తూనే "నీలి గొడుగు వచ్చిందేమో చూద్దాం రా అవ్వా" అని నా కొంగు పట్టుకునేది.

మే నెల మొదట్లో నీలి గొడుగు రావడం మానేసింది.

ఒకరోజు, రెండు రోజులు చూశాం. శ్వేత నీలి గొడుగు మడికి కూడా నీళ్లు పోస్తూ వచ్చింది. "యాడ ఉండావు" అని అడిగే మాట ఆ ఏరుకునే మాటల్లో లేదు. నాలుగో రోజుకి పిల్ల అన్నం కెలికి వదిలేసింది.

"జ్వరమేమో అవ్వా. లేకపోతే నేను ఏమన్నా తప్పు వాక్యం నొక్కినానేమో, కోపమొచ్చింది."

"ఉండు, నేను అడుగుతాను," అన్నాను.

పెద్దవాళ్లు గొంతుతో మాట్లాడి పంపే వీలు దాంట్లో ఉంది. గార్డియన్‌కి మాత్రమే. నా మొహం చూసి తలుపు తీసింది. మైకు బొమ్మ ఎక్కడుందో శ్వేత చూపించింది. నేను గొంతు సవరించుకుని మాట్లాడాను.

"ఏమమ్మా నీలి గొడుగూ, బాగుండావా? నేను పసుపు పిట్ట వాళ్ల అవ్వని. మాది కబ్బన్‌పేట, పడుగులోళ్లు. ఇప్పుడు మహదేవపురలో మా కొడుకు ఇంట్లో ఉండాము," అని మా అపార్ట్‌మెంటు పేరు, ఇంటి నంబరు చెప్పాను. మన సంగతి చెప్పకుండా ఎదుటివాళ్లని అడగడం మర్యాద కాదు కదా. "నువ్వు ఎవరింటి బిడ్డవమ్మా? నీ అసలు పేరేమి? యా ఊరు? అమ్మా నాయనా ఏం పని చేస్తారు, పగలు ఇంట్లో నీతో ఎవురుంటారు? మా పిల్ల నీ మీద దిగులు పెట్టుకోనుండాది. ఒంట్లో బాలేదంటే చెప్పు, మేమే వచ్చి చూసి పోతాము."

పంపిన కాసేపటికే తెర ఎర్రబడింది. పసుపు పిట్ట ఇంటి తలుపుకి తాళం బొమ్మ పడింది. శ్వేత ఎన్ని చోట్ల నొక్కినా తెరుచుకోలేదు.

సాయంత్రం లావణ్య వచ్చి, బ్యాగు భుజాన ఉండగానే నిలబడి నా మాటలు మళ్లీ వేసి విన్నది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అయిపోయాక ఆమె సోఫా అంచు మీద కూర్చుంది.

"మీరు ఫ్లాట్ నంబరు కూడా చెప్పినారత్తా."

"చెప్పకుండా ఎట్ల అడిగేది? సుమ్నే, ఊరికే నీ పేరేమి, నీ ఊరేమి అంటే వాళ్లేమనుకుంటారు?"

"వాళ్లెవురో మనకి తెలీదు అత్తా."

"తెలీదనే కదా అడిగింది!"

షిఫ్టు నుంచి వచ్చిన శ్రీకాంత్‌కి నవ్వు వచ్చింది గానీ పెళ్లాం మొహం చూసి మింగేశాడు.  లావణ్య లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. నాలుగు మాటలు అనుంటే నేనూ నాలుగు అనేదాన్ని, అక్కడితో పోయేది. శ్వేత మాత్రం రాత్రంతా ఒకటే మాట. "నీలి గొడుగు వస్తే, నేనే వదిలేసి పోయినాననుకుంటాది అవ్వా."

లావణ్య చిగురూరు కంపెనీకి రాస్తే జవాబు వచ్చింది. గార్డియన్‌తో నేరుగా మాట్లాడితే గానీ తాళం తీయరట. వీడియోలో మాట్లాడొచ్చు, లేదా ఆఫీసుకి రావచ్చు. ఆఫీసు ఎక్కడో అమెరికాలో ఉంటుందనుకున్నాను. చూస్తే బ్రూక్‌ఫీల్డ్‌లో. మా ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరం.

"వీడియోలో నేను మాట్లాడలేను. మొహం చూసి మాట్లాడతాను, పదండి," అన్నాను. మనసులో నేను తప్పు చేసినట్టు లేదు. పక్కింటి పిల్ల కనిపించకపోతే పలకరించకుండా ఉండటం ఏ ఊరి పద్ధతో వాళ్లనే అడుగుదామని బయల్దేరాను. లావణ్య సగం రోజు సెలవు పెట్టింది.

చిన్న గది. గాజు గోడ. ఒక అమ్మాయి వచ్చి మాకు నీళ్లు, శ్వేతకి మ్యాంగో జ్యూస్ డబ్బా ఇచ్చి కూర్చుంది. పేరు శిరీష. తెలుగులో పెద్దవాళ్లు పంపే మాటలు పిల్లలకి చేరకముందే ఆ అమ్మాయి వింటుందట.

"యా ఊరమ్మా మీది? ఎవరింటి పిల్లవి?" అన్నాను.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "మాది మదనపల్లి అవ్వా. మిగతాది చెప్పను. నేను కాపలాదాన్ని కదా."

లావణ్య తల దించుకుంది. నాకు కాస్త పౌరుషం వచ్చింది. "పిల్ల రాలేదు, ఎట్ల ఉందో అని అడిగినాను. దానికి ఇంటికి తాళం వేస్తారా?"

"మీరు అడిగింది రెండుసార్లు విన్నానవ్వా. మా అవ్వ గుర్తొచ్చింది. ఎంత బాగా అడిగినారో. అందుకే మీకు చెప్పేది కష్టంగా ఉండాది."

"చెప్పు. ఫరవాలేదు."

శిరీష చేతులు బల్ల మీద పెట్టుకుంది. "ఇవే మాటలు నేను తరచుగా వింటాను. ఎవరింటి పాపవి, యా ఊరు, అమ్మా నాయన ఎప్పుడు వస్తారు, పగలు ఎవురుంటారు. మీ మాదిరే, ఇంతే ప్రేమగా. మీ మాదిరే ముందు వాళ్ల ఊరు వాళ్లు చెప్తారు. ఒక్కోసారి గొంతు కూడా ముసిలోళ్ల మాదిరి చేస్తారు. వాళ్లెవురూ అవ్వలు కాదు."

"నేను అట్లాంటి దాన్నా?"

"కాదని నాకు తెలుసు. పిల్లోళ్లకి ఎట్ల తెలుస్తాది?"

నేను గ్లాసు అందుకుని ఒక గుక్క నీళ్లు తాగాను.  అంతలో శ్వేత స్ట్రా నోట్లోంచి తీయకుండానే అంది.

"ఫిల్టర్ అంకుల్ కూడా ఇట్లనే అడిగినాడు."

"ఏ అంకుల్?" అంది లావణ్య.

"వాటర్ ఫిల్టర్ రిపేరు చేసే అంకుల్. లిఫ్టులో. ఎవరింటి పాపవి అన్నాడు."

"నువ్వేం చెప్పినావు?"

"అంతా. అవ్వ నేర్పించినట్ల, చేతులు కట్టుకుని. సూపర్‌గా చెప్పినావని చాక్లెట్ ఇచ్చినాడు." జ్యూస్ డబ్బా ఊపి అడుగున మిగిలింది పీల్చింది. "మళ్లీ ఒకరోజు వచ్చినాడు. మీ ఫిల్టర్ కూడా చూస్తాను, ఇంట్లో ఎవురుంటారు అన్నాడు. అవ్వ ఉంటాదని చెప్పినాను. అన్నం తిన్నాక అవ్వ నిద్రపోతాది, అప్పుడు నేనొక్కదాన్నే డ్రాయింగ్ వేసుకుంటానని చెప్పినాను."

 మా ఇంట్లో తాగేది క్యాను నీళ్లు. ఫిల్టరే లేదు.

లావణ్య లేచి శ్వేతని ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల, ఒళ్లో పట్టదు, కాళ్లు నేలకి తగులుతున్నాయి. "అమ్మా, విడుచు, జ్యూస్ పడతాది," అంటోంది అది. శిరీష మెల్లగా, ఈ సంగతి అపార్ట్‌మెంటు వాళ్లకీ పోలీసులకీ ఇవాళే చెప్పమంది. చిగురూరి తాళం తీస్తానంది. మళ్లీ అట్లా అడగనని నన్ను మాట ఇవ్వమంది. ఇచ్చాను. ఎంత సులువుగా ఇచ్చానో నాకే ఆశ్చర్యం. ఏం వాదించాలని వెళ్లానో అదంతా ఎక్కడికి పోయిందో పోయింది.

ఆటోలో లావణ్య నన్ను ఒక్క మాట అంటుందని దారిపొడుగునా ఎదురుచూశాను. మారతహళ్లి వంతెన దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అంది.

"నేనూ అంతే అత్తా. ఆ ల్యాప్‌టాప్ ఒక్కటే చూసుకుంటా కూర్చున్నాను. లిఫ్టు సంగతి నాకు తలకే రాలేదు."

నా చేయి తీసి ఆమె చేతి మీద పెట్టాను. ఆమె తీసేయలేదు.

ఆ సాయంత్రం శ్రీకాంత్ కింద ఆఫీసులో కూర్చుని కెమెరాలు చూశాడు. ఆ మనిషి చాలా అంతస్తుల్లో తిరిగాడు. నెత్తిన టోపీ, చేతిలో సంచి. మా బ్లాకులో ఎవరూ ఫిల్టర్ మనిషిని పిలవలేదు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్లారు. వాడు మళ్లీ రాలేదు. దొంగో, ఇంకేమైనానో, నిజంగా ఫిల్టర్లు అమ్ముకునేవాడో, ఇప్పటికీ మాకు తెలియదు. మధ్యాహ్నం నిద్ర మాత్రం నాకు పోయింది. కళ్లు మూసుకుంటే నా పక్కన బొమ్మలు వేసుకుంటున్న పిల్ల, తలుపు చప్పుడు.

అప్పుడు నేను నేర్పిన దాన్ని నేనే మాన్పించాల్సి వచ్చింది. నేర్పినంత తేలిగ్గా అది అవలేదు.

"ఇంగ మీద ఎవురు అడిగినా ఏమీ చెప్పొద్దు."

"పెద్దోళ్లు అడిగితే చెప్పల్ల అన్నావు కదా అవ్వా?"

"అన్నాను. ఇప్పుడు వద్దంటాండాను."

"మరి మంచోళ్లు అడిగితే?"

"మా అవ్వని అడగండి అని చెప్పు."

"నువ్వు పక్కన లేకపోతే?"

"మంచోళ్లయితే నేను వచ్చేదాకా ఆగుతారు."

అది సరే అంది. పిల్లకి చెప్పే కారణం దొరికింది గానీ నా నోటికి చెప్పే కారణం దొరకలేదు. లిఫ్టులో ఎవరి పిల్లలు ఎక్కినా ఆ ప్రశ్న నాలుక చివరికి వచ్చేది. పళ్లు బిగించుకుని అంతస్తుల నంబర్లు చూస్తూ నిలబడేదాన్ని.

చిగురూరి తాళం తెరుచుకున్న తర్వాత కొన్నాళ్లకి నీలి గొడుగు తిరిగొచ్చింది. "సెలవులకి అవ్వ ఊరికి వెళ్లాను" అనే మాట ఏరి చూపించింది. శ్వేత సోఫా మీద ఎగిరి గంతులు వేసింది. ఏ ఊరో, ఆ అవ్వ ఎవరో, ఎన్ని మామిడిచెట్లున్నాయో అడగాలని నాకు ఎంత ఉబలాటమో! చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. శ్వేత నా వైపు చూసి, "నువ్వు ఒకటి నొక్కు అవ్వా," అంది. ఉన్న మాటలన్నీ చదివించుకుని, "నీ తోట బాగుంది" నొక్కాను. నిజానికి ఆ తోట సగం ఎండిపోయే ఉంది.

మే చివర్లో మా వాళ్ల ఇంట్లో పెళ్లి. కబ్బన్‌పేటకి దగ్గరలోనే పెళ్లి ఛత్రం. పేట వాళ్లంతా వచ్చారు. పేట విడిచి ఊరంతా చెల్లాచెదురైన వాళ్లు కూడా అలాంటి చోటే కలుస్తారు. నేను శ్వేతని పక్కన పెట్టుకుని బంధువులందర్నీ పలకరిస్తున్నాను. అప్పుడు ఆదినారాయణప్ప వచ్చాడు. మా కులంలో పెద్దమనిషి, ఎనభై దాటాయి, తెల్లటి పంచె, తలపాగా. ఏ పెళ్లికి వచ్చినా చేసే పని ఒకటే. పిల్లల్ని పిలిచి "ఎవరింటి బిడ్డవి?" అని అడుగుతాడు, తప్పులేకుండా చెప్పినవాళ్లకి జేబులోంచి కలకండ తీసి ఇస్తాడు. శ్రీకాంత్ కూడా ఆయన చేతి కలకండ తిన్నవాడే.

ఆయన వంగి శ్వేత గడ్డం పట్టుకున్నాడు. "ఎవరింటి బిడ్డవమ్మా?"

శ్వేత మాట్లాడలేదు.

వినపడలేదనుకుని ఇంకాస్త గట్టిగా అడిగాడు. అది ఆయన జేబు వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేసి నన్ను ఆనుకుంది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల మాటలు ఆగాయి.

"ఏమమ్మా అంజినమ్మా," అన్నాడు ఆదినారాయణప్ప నా వైపు తిరిగి. "వెంకటేశప్ప మనవరాలికి ఇంటి పేరు రాదా? అందరి పిల్లోళ్లకీ నువ్వు నేర్పించేదానివే. నీ ఇంట్లో పిల్లకి నేర్పించలేదా?"

అంతకంటే పెద్ద మాట మా వాళ్లలో ఆడదాన్ని అనేది లేదు.  దూరంగా తాంబూలాల పళ్లెం పట్టుకున్న లావణ్య అది అక్కడే పెట్టి మా దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేర్పించినానప్పా. మళ్లీ నేనే మాన్పించినాను."

"మాన్పించినావా? ఎందుకు?"

లిఫ్టు సంగతి అందరి ముందూ చెప్పదలచుకోలేదు. "అడిగేవోళ్లంతా నీ మాదిరి ఉండరప్పా."

"అయితే నేనూ వాళ్లలో ఒకణ్ణా?" అన్నాడు. గొంతులో నొప్పి వినిపించింది. ఆయనకి ఎట్లా ఉందో నాకు తెలియదా! బ్రూక్‌ఫీల్డ్ గాజు గదిలో నాకూ అట్లాగే ఉంది.

శ్వేత నా చెంగు లాగింది. "అవ్వా, ఈ తాత ఎవురింటోళ్లు?"

ఆయన ఏడు తరాలూ నాకు నోటికి వచ్చు. నోరు తెరిచాను. తెరిచి, మూశాను.

"ఆయన్నే అడుగు," అన్నాను.

శ్వేత ఆయన మొహంలోకి చూసింది. "మీరు ఎవరింటి బిడ్డ, తాతా?"

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. ఆదినారాయణప్పని ఆ మాట అడిగినవాళ్లెవరూ ఈ భూమ్మీద మిగిలి లేరు. కోపమొస్తుందనుకున్నాను.  ఆయన చేతికర్ర గోడకి ఆనించి, పంచె సర్దుకుని, నిటారుగా నిలబడి, రెండు చేతులూ గుండెల మీద కట్టుకున్నాడు.

"కబ్బన్‌పేట సరిగలోళ్ల ఇంటి బిడ్డని. మా ముత్తాత నర్సింహులు. మా తాత లక్ష్మీనారాయణ..."  నాయన పేరు చెప్పాడు. సందు పేరు చెప్పాడు, అది ఇప్పుడు లేదు. ఇల్లు ఎన్నోదో చెప్పాడు, అదీ లేదు. అన్నీ చెప్పేదాకా శ్వేత కళ్లార్పకుండా విన్నది. ఆయన జేబులోంచి కలకండ తీసి పట్టుకున్నాడు. అది తీసుకోకుండా వాళ్లమ్మ వైపు చూసింది. లావణ్య తల ఊపాకే చేయి చాపింది.

"నా పేరు శ్వేత," అంది కలకండ గుప్పిట్లో పెట్టుకుని. "మిగతాది మా అవ్వ చెప్తాది."

ఆదినారాయణప్ప నా వైపు తిరిగాడు. కూర్చున్న వాళ్లంతా తిరిగారు. నేను కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు కట్టుకుని, మొదటి నుంచీ మొదలుపెట్టాను.